రఘువీర్ చూసిపెట్టిన వీపీఎన్

రఘువీర్ రైస్ కుక్కర్ కొనడానికి రెండు నెలలు తీసుకున్నాడు. ఆ రెండు నెలలూ సంహిత గిన్నెలో వండి గంజి వార్చింది. నేనైతే కుక్కర్ వచ్చిన రోజే వాడి నెత్తిన బోర్లించేదాన్ని. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. "ఏం చేస్తాం అక్కా, ఒకసారి కొంటే మళ్లీ పదేళ్లు చూసుకోనక్కర్లేదంటాడు" అంది.

వాళ్లది అమెరికాలో డెట్రాయిట్ పక్కన నోవైలో మా ఎదురు బిల్డింగే. మా ఆయన ధర్మారావుకి ఇక్కడ కార్ల సీట్లు డిజైన్ చేసే కంపెనీలో ఉద్యోగం. నేను ఇంట్లో నలుగురు పిల్లల్ని చూస్తాను, వాళ్ల అమ్మానాన్నలు ఆఫీసుల నుంచి వచ్చేదాకా. రఘువీర్ కార్లలో పెట్టే సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేస్తాడు. సూర్యాపేట వాడు, ముప్ఫై ఆరేళ్లుంటాయి, అయినా నన్ను ఆంటీ అంటాడు. వాడి నాలుగేళ్ల కూతురు సాన్వి కూడా ఆంటీ అంటుంది. పెళ్లాం సంహిత అక్కా అంటుంది. ఒకే ఇంట్లో నాకు రెండు వయసులు. నేను మాత్రం వాణ్ణి వాడనే అంటాను, కొడుకు వరస కాబట్టి.

వాడి గొప్పతనం ఏమిటంటే ఏదైనా చూసిపెడతాడు. మంచుకాలంలో కారుకి ఏ టైర్లు వెయ్యాలి, పిల్లకి ఏ కార్ సీట్ కొనాలి, ఏ పరుపు మీద నడుం నొప్పి రాదు, ఏ డెంటిస్ట్ ఊరికే పళ్లు పీకడు, అన్నీ. నోవై తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరు ఏం కొంటామన్నా మొదట వచ్చే మాట "రఘువీర్ అన్న ఏమన్నాడు?" అనే. వాడు రోజుల తరబడి చదివి, ఒక మూర పొడుగు మెసేజ్ పెడతాడు. ఎవరి దగ్గరా ఒక్క కాఫీ ఆశించడు. నేను గ్రైండర్ కొంటానంటే వారానికి ఎన్ని ఇడ్లీలు, ఎంతమంది తింటారు, మినప్పప్పు గుండుదా బద్దలదా అని పోలీసువాడిలా ప్రశ్నలేశాడు. చెప్పొద్దూ, ఆ గ్రైండర్ ఇప్పటికీ కిక్కురుమనకుండా తిరుగుతోంది.

ఇంత చూసుకునే మనిషికి ఎలాంటి కష్టం వచ్చిందో చెబుతాను.

నవంబర్‌లో సంహిత చెల్లెలి పెళ్లి, హైదరాబాద్‌లో. ముగ్గురూ వెళ్లాలి అసలు. కానీ వీసా సంగతి మీకు తెలిసిందే. ఇక్కడ ఉండటానికి ఒక కాగితం, బయటికి పోయి మళ్లీ లోపలికి రావడానికి పాస్‌పోర్ట్‌లో ఒక స్టాంపు. ఇక్కడే కూర్చుంటే ఆ స్టాంపు గడువు అయిపోయినా ఎవరూ అడగరు. గడప దాటితేనే గొడవ. రఘువీర్‌కీ సంహితకీ ఇద్దరికీ స్టాంపు అయిపోయింది. రఘువీర్‌కి ప్రాజెక్ట్ మధ్యలో ఉంది, వాడు ఆగిపోయాడు. సంహితకి పెళ్లి తర్వాతి వారంలోనే కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరికింది, తల్లీకూతుళ్లు వెళ్లొస్తామనుకున్నారు. తీరా బయల్దేరే ముందు సాన్వికి చెవిలో ఇన్‌ఫెక్షన్. డాక్టర్ ఫ్లైట్ ఎక్కించొద్దంది.

"మూడు వారాలే కదక్కా, మీరు చూస్తారా" అని సంహిత మా గుమ్మంలో నిలబడి అడిగింది. నేను చూడనంటానా? సాన్వి మా ఇంట్లో అయిదో పిల్ల అయింది. సంహిత వెళ్లేటప్పుడు మరీ ఏడవలేదు. మూడు వారాలకి ఎవరేడుస్తారు.

పెళ్లయింది. ఇంకో నాలుగు రోజుల్లో అపాయింట్‌మెంట్ అనగా ఒక ఈమెయిల్ వచ్చింది, మీ తేదీ మార్చామని. మార్చింది వచ్చే వారానికో నెలకో కాదు. మళ్లీ నవంబర్‌కి. ఎందుకు మార్చారో ఒక్క ముక్క లేదు. సంహిత ఫోన్ చేసి ఆ తేదీ చదివి వినిపిస్తుంటే రఘువీర్ "సంవత్సరం సరిగ్గా చూడు, సంవత్సరం సరిగ్గా చూడు" అంటున్నాడు. ఆ పిల్ల సరిగ్గానే చూసింది.

ఇక వాడు వెళ్లి తెచ్చుకోవడానికి లేదు. వాడు గడప దాటితే వాడూ అక్కడే, ఉద్యోగం గోవిందా. మిగిలింది ఒకటే దారి. ఎవరైనా అపాయింట్‌మెంట్ కాన్సిల్ చేసుకుంటే ఆ ఖాళీ సైట్‌లో కనపడుతుంది, చటుక్కున పట్టుకోవాలి. దాన్నే స్లాట్ అంటారు. అది ఏ వేళప్పుడు వస్తుందో తెలీదు. సంహిత నిద్రపోయే వేళ ఇక్కడ పగలు కాబట్టి ఆ వేళ రఘువీర్ చూడాలి. అయితే అతిగా చూస్తే సైట్ అకౌంట్‌ని లాక్ చేసేస్తుంది. ఒకే అకౌంట్ ఒకసారి హైదరాబాద్‌లోంచీ ఇంకోసారి అమెరికాలోంచీ తెరిచినా లాక్ అవుతోందని టెలిగ్రామ్ గ్రూపుల్లో చెప్పుకుంటున్నారు. అది నిజమో పుకారో చెప్పే నాథుడు లేడు. పుకారే అయినా ఎవడు సాహసం చేస్తాడు?

అందుకని వాడికి వీపీఎన్ కావాల్సొచ్చింది.

అదేమిట్రా అంటే మా డైనింగ్ టేబుల్ దగ్గర ఉప్మా తింటూ చెప్పాడు. "ఆంటీ, నా కంప్యూటర్‌లోంచి పోయేదంతా ఒక సొరంగంలో పెట్టి హైదరాబాద్‌లో బయటికి తీస్తారు. అవతలివాడికి హైదరాబాద్ నుంచి వచ్చినట్టే కనపడుతుంది."

"అయితే నువ్వు హైదరాబాద్ పోయినట్టేగా."

"కంప్యూటర్ పోతది ఆంటీ. నేను పోను."

మా కింద వాటాలో నిశాంత్ అని మాస్టర్స్ చదివే కుర్రాడు ఉంటాడు, ఆదివారాలు మా ఇంట్లోనే టిఫిన్. వాడు చెయ్యి కడుక్కుంటూ "అన్నా, ఫ్రీది ఉండగా ఎందుకు ఆలోచన? నేను క్రికెట్ మొత్తం దాంట్లోనే చూస్తా. రెండు నిమిషాల్లో పెట్టిస్తా" అన్నాడు.

రఘువీర్ తల అడ్డంగా ఊపాడు. "క్రికెట్‌కి పర్లేదు తమ్మీ. నేను మీ వదిన పాస్‌పోర్ట్ వివరాలు పెట్టుకొని పోవాలె. ఫ్రీగ ఇచ్చేటోడు మెషీన్లకు కరెంటు బిల్లు ఎక్కడికెళ్లి కడుతుండు? మనం ఎక్కడెక్కడ తిరుగుతున్నమో అమ్ముకొని కడుతుండు. కొందరైతే మన ఇంటి కనెక్షన్‌నే ఇంకోడికి కిరాయికి ఇస్తరు, మనకు తెల్వకుండ."

నిశాంత్ అప్పటికప్పుడు ఫోన్ తీసి ఆ యాప్ పీకేశాడు. మళ్లీ మ్యాచ్ రోజు పెట్టుకున్నాడనుకోండి, అది వేరే విషయం.

సరే, మంచిది కొనరా అన్నాను. అక్కడ మొదలైంది వాడి రైస్ కుక్కర్ రోగం. రోజూ సాయంత్రం పిల్లని తీసుకెళ్లడానికి వచ్చినవాడు నిలబడి నాకు పాఠం చెప్పేవాడు. మీ రాకపోకలు మేం రాసిపెట్టుకోం అని ప్రతివాడూ అంటాడట, బయటి ఆడిటర్ వచ్చి చూసి ఔనన్నాడా లేదా అన్నది చూడాలట. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడాది మూడింతలు లాగేవాళ్లున్నారట. నచ్చకపోతే డబ్బులు వాపస్ అన్నవాడు నిజంగా ఇచ్చాడా అని జనం రాసినవి చదవాలట. ఆ రాతల్లో సగం కంపెనీలే డబ్బిచ్చి రాయించుకున్నవి, వాటిని బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాలట. అన్నిటికంటే చిక్కు ఇండియా దగ్గర. అక్కడ ఏదో రూల్ వచ్చాక చాలా కంపెనీలు తమ మెషీన్లు తీసేశాయి. ఇంకేదో దేశంలో మెషీన్ పెట్టి హైదరాబాద్ అడ్రస్ తగిలిస్తారు. అది గట్టిగా నిలబడుతుందా, మధ్యలో తెగిపోతుందా, తెగితే మన అసలు అడ్రస్ బయటపడుతుందా. ఒక్కొక్కటీ కొని, పరీక్షించి, వాపస్ చేసి, ఇంకోటి కొన్నాడు.

వాడు అలా ఏరుతుండగానే హైదరాబాద్‌లో సంహిత చూస్తున్నప్పుడు ఒక జనవరి తేదీ మెరిసి మాయమైంది. ఆ పిల్ల వివరాలు నింపేలోపు ఎవరో ఎగరేసుకుపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"పెళ్లిచూపులప్పుడు కూడా ఇంతసేపు చూసుండవు కదరా."

"అదీ రెండేళ్లు చూసిన ఆంటీ" అన్నాడు మెల్లగా. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఎట్టకేలకు ఒకటి తేల్చాడు. ఖరీదు నెలకి రెండు కాఫీలంత. ఆడిటర్ చూసినదే, డబ్బులు వాపస్ మాటా నిజమే, హైదరాబాద్ అడ్రస్ తెగకుండా నిలబడుతుంది. పెట్టుకున్న రోజు వాడి మొహం నేను చాలా కాలానికి వెలుగుతూ చూశాను. మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో ఒకసారి, ఆఫీసు అయ్యాక ఒకసారి, అంతే. అతి చెయ్యడు. రెండో వారంలో ఏప్రిల్ తేదీ ఒకటి కనపడింది, నొక్కేలోపు పోయింది. అయినా వాడు కుంగిపోలేదు. "పనిచేస్తుంది ఆంటీ. ఒకటి కనపడ్డదంటే ఇంకోటి కనపడతది. మార్చిలోపు తెచ్చుకుంటా" అన్నాడు. నేను నమ్మాను. వాడు చూసిపెట్టింది ఏదీ ఫెయిలవడం నేను చూడలేదు మరి.

సాన్వి కూడా నమ్మింది. దాని లెక్కలో స్లాట్ అంటే ఏదో పార్సిల్. మా గుమ్మం ముందు అట్టపెట్టె కనపడితే చాలు, మంచులో సాక్సులతో పరిగెత్తి "ఆంటీ, స్లాట్ వచ్చింది" అనేది. స్లాటంటే అమ్మ రావడానికి దొరికే తేదీ అని నేను చెప్పబోయి, ఎలా చెప్పాలో తెలియక పెట్టె విప్పి చూపించేదాన్ని. లోపల డిటర్జెంటో బ్యాటరీలో ఉండేవి. ఉసూరుమనేది.

ఇంతలో కావ్యశ్రీ గ్రూపులో అడిగింది. కావ్యశ్రీ అంటే మా పక్క వీధిలో కొత్తగా ఇల్లు కొన్న అమ్మాయి. వాళ్లాయన కూడా ఇలాగే హైదరాబాద్‌లో ఇరుక్కున్నాడు. "రఘువీర్ అన్నా, మీరు ఏ వీపీఎన్ వాడుతున్నారు? ప్లీజ్ హెల్ప్" అని పెట్టింది.

అప్పుడు వాడు మా ఇంట్లోనే ఉన్నాడు, పిల్లకి స్నో బూట్లు తొడుగుతూ. ఒక బూటు తొడిగి, రెండోది పక్కన పెట్టి, టైప్ చెయ్యడం మొదలెట్టాడు. ఏ కంపెనీ, ఏ ప్లాన్, రెండో ఏడాది రేటు పెరక్కుండా ఏం చెయ్యాలి, ఏ బటన్ ఆన్ చేస్తే మధ్యలో తెగినా అడ్రస్ బయటపడదు, లిస్ట్‌లో హైదరాబాద్ ఎక్కడ ఉంటుంది, అన్నీ. కింద రెఫరల్ లింకు కూడా పెట్టాడు, దాంతో చేరితే చేరినవాళ్లకి ఒక నెల ఫ్రీ అని. మనవాళ్లకి లింకు లేనిదే మెసేజ్ పూర్తయినట్టుండదు కదా. సాన్వి ఒంటి బూటుతో అంతసేపూ గోడకి ఆనుకుని నిలబడింది. అడిగినవాళ్లకి చెప్పకుండా ఉండటం వాడికి చేతకాదు. అందులో తప్పేముందని నేనూ అనుకున్నాను.

వారం తిరక్కుండా నార్త్ కరోలినా మోరిస్‌విల్ నుంచి మా పిన్ని కూతురు మీనా నాకు ఒక మెసేజ్ పంపింది. "అక్కా, మీ వాళ్లెవరికైనా స్లాట్ కావాలంటే ఇది వాడమను, చాలా మంచిదట." తెరిచి చూస్తే రఘువీర్ రాసిందే, అక్షరం పొల్లు పోకుండా. వాడి పేరు మాత్రం లేదు. పైన "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అని ఉంది. నాకు చచ్చేంత గర్వం వేసింది. వాడికి చూపించాను.

వాడు చదివి నవ్వలేదు. "ఇది అక్కడిదాకా పోయిందా ఆంటీ?" అన్నాడు.

"న్యూజెర్సీ ఐసెలిన్‌లో మీనా వాళ్ల ఆడపడుచు పంపిందట తనకి."

వాడు ఫోన్ నా చేతిలో పెట్టి పిల్లని తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు గ్రూపులో "దయచేసి అందరూ ఒకటే వీపీఎన్ వాడకండి, వేరే వేరేవి తీసుకోండి" అని రాశాడు. ఎవరు వింటారండీ. అప్పటికే ఏడాదికి కట్టేసి కూర్చున్నారు. ఒకాయన అయితే "ఏం అన్నా, కాంపిటీషన్ ఎక్కువైందా" అని నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. నాకు ఆ మనిషి ఎదురుపడితే నాలుగు దులిపేద్దామనిపించింది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, ఇక్కడ చీకటి పడే వేళకి, హైదరాబాద్‌లో తెల్లవారుజామున స్లాట్లు గుంపుగా వదిలారని టెలిగ్రామ్‌లో గోల. మార్చి తేదీలు, ఒకటీ రెండూ కాదు, బోలెడు. రఘువీర్ ఆఫీసు నుంచి సగంలో వచ్చేసి మా ఇంట్లోనే లాప్‌టాప్ తెరిచాడు. సంహిత వీడియోలో ఉంది. నేను పిల్లల్ని పక్క గదిలోకి తోలేశాను. వాడు పాస్‌వర్డ్ కొట్టాడు. తెర మీద తేదీలు రావాల్సిన చోట నాలుగు లైన్ల ఇంగ్లీషు వచ్చింది. అసాధారణ వాడకం వల్ల మీ అకౌంట్ ఆపివేయబడింది అని దాని అర్థం.

సంహితే ముందు అడిగింది, "నేను ఇక్కణ్ణుంచి, నా ఫోన్‌లో, మామూలుగా ట్రై చెయ్యనా?" చేసింది. అదే నాలుగు లైన్లు. టెలిగ్రామ్ గ్రూపులో అప్పటికే నాకూ నాకూ అని వరసగా పడుతున్నాయి, నోవై, మోరిస్‌విల్, ఐసెలిన్, అన్ని ఊళ్లూ.

వాడు లాప్‌టాప్ మూసి, చేతులు దాని మీద పెట్టుకుని చెప్పాడు. "ఆ కంపెనీకి హైదరాబాద్ అడ్రసులు కొన్నే ఉన్నయి ఆంటీ. మనోళ్లందరూ వాటిల్లకెళ్లే పోయిన్రు. ఆ సైట్‌కి ఒకటే ఇంట్లకెళ్లి వందలమంది తలుపు కొట్టినట్టు కనపడి ఉంటది. ఏజెంట్లో దొంగలో అనుకొని అందర్నీ బయట పెట్టింది."

"అదేనని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలే. చెప్పేటోడు ఎక్కడున్నడు?" అన్నాడు. "కొంచెం నాసిరకంది తీసుకునుంటే మంచిగుండు. నేనొక్కణ్ణే ఉండేటోణ్ణి దాంట్ల."

నేను లేచి వెళ్లి వాడికి కాఫీ కలుపుకొచ్చాను.

అక్కణ్ణుంచి వాడు చెయ్యని పని లేదు. కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎంతో మర్యాదగా "మీ సమస్య నాకు అర్థమైంది సర్" అనేది. అర్థమై ఏం చేస్తావమ్మా అంటే ఈమెయిల్ పెట్టమనేది. ఈమెయిల్ పెడితే మెషీన్ జవాబిచ్చేది, మీ మెయిల్ అందింది, కాల్ సెంటర్‌కి ఫోన్ చెయ్యండి అని. ఇక్కడి కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి, అంటే మన ఎంపీ లాంటాయనకి, రాశాడు, వాళ్లు జాలిపడుతూ ఉత్తరం రాశారు. లాయర్ని అడిగాడు, ఆయన ఓపిక పట్టమన్నాడు. కొన్నాళ్లకి అకౌంట్ దానంతటదే తెరుచుకుంది. ఒకటి రెండు సార్లు చూశారో లేదో మళ్లీ మూతపడింది. ఈసారి సొరంగమూ లేదు ఏమీ లేదు, సంహిత తన ఇంట్లోంచి తన ఫోన్‌లో చూసినా అంతే. ఒకసారి పేరు పడ్డాక అంతేనేమో. నాకు అర్థం కాలేదు సరే, వాడికీ అర్థం కాలేదు, అదే నాకు భయమేసింది. వాడికి అర్థం కానిది ఉంటుందని నేననుకోలేదు.

ఇంత జరిగాక ఒక శనివారం కావ్యశ్రీ కాజాల డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చింది. రఘువీర్ ఇంటికి వెళ్తే తాళం ఉందట, ఇక్కడుంటాడని వచ్చింది. వాళ్లాయనకి స్లాట్ దొరికింది. అదే వీపీఎన్‌లోంచి, ఆ సాయంత్రమే, లాకులు పడటానికి కొంచెం ముందు. స్టాంపింగ్ అయిపోయింది, వచ్చే వారం వచ్చేస్తున్నాడు.

"నీ వల్లే అన్నా" అంది, కళ్లల్లో నీళ్లతో. "నీ మెసేజ్ లేకపోతే మేం ఏమయ్యేవాళ్లమో."

వాడు "కంగ్రాట్స్ చెల్లె" అని డబ్బా అందుకుని, ఒక కాజా తీసి సాన్వి చేతిలో పెట్టి, ఇంకోటి తను తిన్నాడు. మొత్తం తిన్నాడు. నాకైతే ఆ డబ్బా తీసి కావ్యశ్రీ చేతిలోనే పెట్టేసి పంపించెయ్యాలనిపించింది. కానీ ఆ పిల్ల ఏం చేసింది పాపం? మొగుడు రావాలని కోరుకుంది. మా సంహితా అదే కోరుకుంది. అంత కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించాలో తెలియక లోపలికి వెళ్లి గిన్నెలు తోమాను.

మంచు కరిగింది. ఏప్రిల్‌లో సాన్వికి మళ్లీ చెవి నొప్పి వచ్చింది. ముందులా అమ్మ కావాలని ఏడవలేదు. రోజూ పొద్దున తల్లి వీడియోలో వస్తుంది, పాలు తాగేదాకా కబుర్లు చెబుతుంది, అయిపోయాక సాన్వే ఫోన్ బోర్లా పెట్టి షూస్ వేసుకుంటుంది. సంహిత అది గమనించింది. ఆ రోజు నాకు విడిగా ఫోన్ చేసింది.

"అక్కా, అది నన్ను అడగట్లేదు" అంది. "నొప్పి వచ్చినా అడగట్లేదు. ఇంక నవంబర్ దాకా ఆగితే నాకు పిల్ల మిగలదు. దాన్ని నా దగ్గరికి పంపించెయ్యమని చెప్పండి. నేను ఆ మాట ఎత్తగానే తను ఫోన్ పెట్టేస్తున్నాడు."

ఆ ఇంట్లో అటూ ఇటూ తిరగ్గలిగింది ఆ నాలుగేళ్లది ఒక్కతే. అది ఇక్కడే పుట్టింది, అమెరికా పాస్‌పోర్ట్. దాన్ని ఎవరూ స్టాంపు అడగరు. తల్లి అక్కణ్ణుంచి రాలేదు, తండ్రి ఇక్కణ్ణుంచి కదల్లేడు. మే నెలలో మా తమ్ముడి గృహప్రవేశానికి నేను వెళ్తున్నాను, నాకు గ్రీన్ కార్డ్ ఉంది. అన్నీ కుదిరాయి. వాడితో చెప్పాల్సింది నేనే అయ్యాను.

చెప్పాను. "ఒక్క నెల చూద్దమా ఆంటీ" అన్నాడు.

"నెల నెలా అదే అంటున్నావు రఘువీర్."

"దాన్ని గూడ పంపిస్తే నాకేముంటది ఈడ?"

వాడు గొంతు పెంచడం నేను అదే మొదటిసారి వినడం. పక్క గదిలో పిల్లలు ఆట ఆపి చూశారు. వాడికి సిగ్గేసింది, వెంటనే సారీ అన్నాడు. నాకు మాత్రం అలా అరిచినందుకు ఊరటగానే అనిపించింది. మనిషన్నాక అరవాలి. ఆ తర్వాత వాడే టికెట్ బుక్ చేశాడు, సాన్వికి నా పక్క సీటు.

డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ దాకా వచ్చాడు. అది దాటి వాడికి ప్రవేశం లేదు. పిల్ల జాకెట్ జిప్ పైకి లాగి, కిందికి దించి, మళ్లీ పైకి లాగాడు. "దిగే ముందు లాలీపాప్ ఇయ్యండి ఆంటీ, చెవులు నొప్పెట్టకుండా. చుక్కల మందు చిన్న సంచిలో ఉంది. అది నిద్రపోతే లేపొద్దు" అంటూ చెప్పిందే చెప్పాడు. సాన్వి వాడి మెడ చుట్టూ చేతులేసి "డోంట్ క్రై డాడీ" అంది. వాడు ఏడవట్లేదు నిజానికి. అది అన్నాక ఏడ్చాడు. అక్కడ లైన్లో ఉన్నవాళ్లు పక్కకి జరిగి దారిచ్చారు. నేను పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను, వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే నా వల్ల కాదు.

హైదరాబాద్‌లో బయటికి రాగానే సంహిత రెయిలింగ్ మీద నుంచి వంగి ఉంది. ఎంత చిక్కిపోయిందో. సాన్వి ఒక్క క్షణం నా కొంగు పట్టుకుని ఆగి, తర్వాత పరిగెత్తింది. హమ్మయ్య అనుకున్నాను. నేను భయపడినంత ఏం లేదు. దాన్ని ఎత్తుకుని ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకి టాక్సీవాళ్లు కూడా బేరాలు ఆపేశారు.

కార్లో వెనక సీట్లో సంహిత ఒళ్లో కూర్చుంది సాన్వి. తల్లి బుగ్గలు పట్టి చూసింది, గాజులు లెక్కపెట్టింది, చెవి కమ్మ లాగింది. తర్వాత "డాడీకి కాల్ చెయ్యి" అంది. సంహిత చేసింది. రఘువీర్ వెంటనే ఎత్తాడు, ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నట్టున్నాడు. వాడి వెనక వంటింటి లైటు కనపడుతోంది.

"బుజ్జీ, చెవి నొప్పెట్టిందా?" అన్నాడు.

సాన్వి తెరలో వాళ్ల నాన్నని చూసింది, తలెత్తి తల్లిని చూసింది, మళ్లీ తెర చూసింది. దానికేదో తెలిసినట్టు తల ఊపింది.

"ఇప్పుడు డాడీ టర్నా, ఫోన్‌లో ఉండడం? అమ్మ టర్న్ డన్ కదా."

"అవును బుజ్జీ, నా టర్నే" అన్నాడు రఘువీర్.

"ఎన్ని డేస్ డాడీ?"

వాడికి తెలీదు. సంహితకి తెలీదు, కిటికీ వైపు తిరిగిపోయింది. పక్కనున్న నాకు అసలే తెలీదు. అది మా ముగ్గుర్నీ వరసగా చూసి, ఎవరూ చెప్పకపోయేసరికి, ఫోన్ వాళ్లమ్మ చేతికిచ్చేసింది.